హంబుల్ పైలో అవమానం ఎక్కడిది?

ఇంగ్లీషులో ‘హంబుల్ పై తినడం’ అంటే తలొంచి తప్పు ఒప్పుకోవడం. మనం లెంపలేసుకోవడం లాంటిదే. దీని పుట్టుక గురించి బాగా చలామణీలో ఉన్న కథ ఒకటుంది: మధ్యయుగపు విందుల్లో జింక మాంసం దొరలకి, దాని గుండె, కార్జం, పేగులతో చేసిన పై నౌకర్లకి. ఆ పై తినడమే అవమానమట.

నాకీ కథ మింగుడు పడదు. ఆ లోపలి భాగాల్ని ‘అంబుల్స్’ అనేవారన్నది నిజమే. కానీ శామ్యూల్ పెపీస్ సంగతి చూడండి. లండన్‌లో నౌకాదళ వ్యవహారాలు చూసే పెద్ద ఉద్యోగి. 1663లో తెలిసినావిడ పొయ్యి మీంచి వేడివేడిగా తెచ్చిన అంబుల్ పైని తన డైరీలో తెగ మెచ్చుకున్నాడు. నామోషీ అనుకున్న జాడే లేదు.

మరి అవమానం ఎక్కణ్ణుంచి వచ్చింది? వంటింట్లోంచి కాదు, చెవిలోంచి. ‘అంబుల్స్’కి మూలం నడుము మాంసాన్ని చెప్పే లాటిన్ మాట. ‘హంబుల్’కి మూలం నేలకు సంబంధించిన లాటిన్ మాట. రెండూ చుట్టాలు కావు. ఇంగ్లండ్‌లో చాలామంది మాట మొదటి ‘హ’ని మింగేస్తారు కాబట్టి రెండూ ఒకేలా వినిపించాయి, శ్లేష కుదిరింది. ఈ జాతీయం రాతల్లోకి ఎక్కింది కూడా 19వ శతాబ్దంలోనే. అప్పటికి మధ్యయుగపు విందులు ముగిసి ఎన్నాళ్లయిందో!

అయినా జనం ఆ దొరా-నౌకరు కథనే నమ్ముతారు. పేగులు తినేవాళ్లు తక్కువవాళ్లనే నమ్మకం ముందే ఉంటే, వేరే సాక్ష్యం ఎవరడుగుతారు? బోటీ కూర అనగానే మొహం చిట్లించే మనవాళ్లకి కూడా ఈ కథ చటుక్కున నచ్చేస్తుంది.