మనుషులున్న ఊళ్లో పెళ్లి

రవెల్లోలో 1179 నాటి కంచు తలుపులున్న పెద్ద చర్చి ఒకటి ఉంది. దాని ముందున్న చౌకుకు ఇవతలే బండ్లు ఆగిపోతాయి. విల్లా చింబ్రోనె తోటకు వెళ్లాలంటే రాతిగోడల మధ్య మెట్లెక్కుతూ దిగుతూ సన్నటి దారిన నడవాల్సిందే. పెళ్లికూతురైనా, కర్ర పట్టుకున్న నాయనమ్మైనా అదే దారి. దక్షిణ ఇటలీ అమాల్ఫీ తీరంలో, సముద్రానికి సుమారు 350 మీటర్ల ఎత్తున, కొండ మీద ఉన్న ఊరిది. పెళ్లి చేసుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో జంటలు వస్తాయి. చాలామంది వచ్చేది ఆ తోట చివర నిలబడితే కింద పరుచుకుని కనిపించే సముద్రం కోసం. నాకు మాత్రం ఆ నడకే పెళ్లిలో సగం అనిపిస్తుంది. దారి పక్క గుమ్మాల్లోంచి ముక్కూమొహం తెలియనివాళ్లు ‘ఆగూరి’ అని శుభం పలుకుతారు. ఎవరు పిలిస్తే వచ్చారు వాళ్లు? ఊళ్లో ఉన్నారు కాబట్టి పెళ్లిలోనూ ఉన్నారు, అంతే.

ఇటలీ పెళ్లి అనగానే మనవాళ్లకు టస్కనీ గుర్తొస్తుంది. 2017 డిసెంబరులో కోహ్లీ, అనుష్క బోర్గో ఫినొకియెతోలో పెళ్లి చేసుకున్నారు. 2023 నవంబరు 1న వరుణ్ తేజ్, లావణ్య త్రిపాఠి బోర్గో శాన్ ఫెలీచెలో ఒక్కటయ్యారు. రెండూ ఒకప్పటి పల్లెలే. ఆ కొండల్లో శతాబ్దాలపాటు పండినదాంట్లో సగం భూస్వామికి కొలిచిచ్చే సేద్యం నడిచింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ సేద్యం చేసే కుటుంబాలు ఫ్యాక్టరీ పనులు వెతుక్కుంటూ పట్నాలకు పోయాయి. అలాంటి ఒప్పందాలు కొత్తగా రాసుకోకూడదని 1964లో చట్టమే వచ్చింది. ఎన్నో పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడ్డాయి. అలా పాడుపడ్డ గోడలను బాగుచేయించి నిలబెట్టినవాళ్లకు నేను దండం పెడతాను. కానీ అలా బాగుచేసిన ఊరు ఊరంతా పెళ్లికి అద్దెకు తీసుకున్నప్పుడు దీవించడానికి మనం తీసుకెళ్లినవాళ్లే తప్ప ఇంకెవరూ ఉండరు. అది నాకు పెద్ద లోటు.

అందుకే ఎవరైనా అడిగితే, ఇంకా మనుషులు కాపురముంటున్న కొండ ఊరిని ఎంచుకోమంటాను. ఇంకా ఒకటి చెబుతాను. మనవాళ్లు చాలామంది రిజిస్ట్రేషన్ ఇక్కడే కానిచ్చి, అక్కడ వేడుక మాత్రం జరుపుకుంటారు. కాగితాల బెడద ఉన్నమాట నిజమే. అభ్యంతరం లేదని మన కాన్సులేటు ఇచ్చే పత్రం కావాలి, దాని మీద అక్కడి ప్రభుత్వ కార్యాలయం ముద్ర పడాలి. ఇద్దరు సాక్షులు, ఇటాలియన్ రాకపోతే దుబాసీ ఉండాలి. అయినా ఆ తిప్పలు పడమనే నా సలహా.

ఎందుకంటే ఆ రోజు మేయరో, ఆయన తరఫు మనిషో మూడు రంగుల పట్టీ వేసుకుని, అందరూ వింటుండగా సివిల్ కోడ్‌లోని 143, 144, 147 అధికరణలు చదువుతారు. భార్యాభర్తలకు హక్కులు సమానం, బాధ్యతలు సమానం. కాపురం ఎక్కడ పెట్టాలన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. ఇంటి అవసరాలకు ఎవరి శక్తికొద్దీ వాళ్లు చెయ్యి వేయాలి, అది బయటి ఉద్యోగమైనా సరే, ఇంటిపనైనా సరే. పిల్లలను పోషించాలి, చదివించాలి. ఇదేమీ అనాదిగా ఉన్న మాట కాదు. 1975లో కుటుంబ చట్టాన్ని మార్చేదాకా అక్కడి చట్టం కూడా భర్తనే ఇంటికి పెద్దన్నది. వంట చేయడాన్నీ జీతం తేవడాన్నీ ఒకే వాక్యంలో పెట్టి, పెళ్లిపీటల ముందే చదివి వినిపించడం నాకెంతో నచ్చింది. మన పెళ్లిళ్లలో ఇన్ని తంతులున్నాయి, ఇదొక్కటీ చేర్చుకోవాలని నా కోరిక.

అగ్నిసాక్షిగా జరగాల్సింది ఎలాగూ జరుగుతుంది. ఈ అధికరణలు చదివే వేళకు మాత్రం తెలుగు, ఇటాలియన్ రెండూ వచ్చిన దుబాసీని ముందుగానే వెతికి పెట్టుకోండి. ఇంగ్లీషులో చెబితే పెళ్లికొడుకు స్నేహితులకు అర్థమవుతుంది. ఆ మాటలు చేరాల్సింది రెండు వైపులా ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్లకు.