పల్నాటి వీరచరిత్ర: స్వపక్ష, పరపక్షాల గుర్తింపు

మహాభారత భీష్మపర్వంలో యుద్ధారంభానికి ముందే ఉభయ సేనలూ తమవారిని పోల్చుకోవడానికి పేర్లు, సంకేతాలు ఏర్పరచుకొంటాయి. అర్జునుని కపిధ్వజం, భీష్ముని తాళధ్వజం దూరం నుంచే రథికుని తెలుపుతాయి. 12వ శతాబ్ది పల్నాటి యుద్ధాన్ని చెప్పే, శ్రీనాథుని కృతిగా ప్రసిద్ధమైన ద్విపద ‘పల్నాటి వీరచరిత్ర’లో ఈ గుర్తింపు మరింత జటిలం. గురజాల నలగామరాజు, మాచర్ల మలిదేవరాజు సవతి సోదరులు. ఇరుపక్షాల భాష ఒకటే, నేల ఒకటే.

బ్రహ్మనాయుని వైష్ణవం, నాగమ్మ శైవం అన్న విభజనతో పక్షాలను నిర్ణయించడం విమర్శలో పరిపాటి. అయితే నామం, విభూతి నుదుటి గుర్తులే కాని కథను నడిపే గుర్తులు కావు. మలిదేవుని పక్షాన రాయబారానికి వెళ్లిన అలరాజు నలగాముని అల్లుడు. అయినా విషప్రయోగానికి బలయ్యాడు. బంధుత్వం అతనిని ‘మనవాడు’గా నిలపలేదు. మాల కన్నమదాసు మాత్రం బ్రహ్మనాయునికి పెంపుడు కొడుకై, సేనానిగా నిలిచాడు.

కాబట్టి బ్రహ్మనాయుని వైపు స్వపక్షాన్ని నిర్ణయించినది జన్మ కాదు, చాపకూడు. కులభేదం లేక ఒకే చాపపై భుజించినవారే కారెంపూడి రణరంగంలో ఒక్కటిగా నిలిచారు. కారెంపూడి వీరారాధనోత్సవాలలో మందపోరు నాటి చాపకూడు నేటికీ ఆ గుర్తునే నిలుపుతున్నది. ఈ యుద్ధాన్ని కేవలం మతకలహంగా చదివితే మరుగున పడేది ఆ పంక్తిభోజనమే.