లెక్కల్లోంచి లేచిన తుపాను

సూపర్ కంప్యూటర్ గంటల తరబడి లెక్క కట్టి చివరికి మనకిచ్చేది అంకెల గుట్ట. దాన్ని బొమ్మగా మలచడమంటే ఆఖర్న అద్దే సోకు అనుకునేవాళ్ళే ఎక్కువ. నా దృష్టిలో అది లెక్క కట్టడమంత గొప్ప విద్య.

ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్ పియెర్ లూమినే పని చూడండి. కృష్ణబిలం చుట్టూ తిరిగే వేడి వాయువుల పళ్ళెం దూరం నుంచి ఎలా కనబడుతుందో ఆయన ఐబీఎం 7040 మీద లెక్కించారు. ఫలితాన్ని బొమ్మగా గీసిపెట్టే యంత్రం దగ్గర లేదు. నెగెటివ్ కాగితం మీద ఇంకుతో ఒక్కో చుక్కా చేత్తోనే పెట్టారు. వెలుగున్నచోట చుక్కలు దట్టం, లేనిచోట పలచన. మనవైపు దూసుకొచ్చే వాయువు ఎక్కువ మెరుస్తుంది కనుక ఒక పక్క కాంతి, రెండో పక్క మసక. ఆ తేడా కూడా చుక్కల్లోనే పట్టుబడింది. అది 1979. నిజమైన కృష్ణబిలం తొలి చిత్రం 2019లో వస్తే, ఆ వలయంలోనూ ఒక పక్క వెలుగు ఎక్కువే! ఆ చేతికి దణ్ణం పెట్టకుండా ఎలా ఉంటాం?

ఇప్పుడు అంకెలను బొమ్మలుగా మార్చే పారావ్యూ, విజిట్ లాంటి పనిముట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. నేర్పంతా ఎంపికలో ఉంది. మేఘంలో నీటి సాంద్రత ఒకేలా ఉన్న బిందువులన్నీ కలిపితే మేఘం పైపొర తేలుతుంది. లోపలికి చూడాలంటే ప్రతి విలువకూ ఇంత రంగు, ఇంత పారదర్శకత అని కేటాయించాలి. అక్కడ చెయ్యి తప్పిందా, సుడి కాస్తా పొగలో కలిసిపోతుంది. గాలి దారి కావాలంటే బరువులేని రేణువులను వదిలి వాటి జాడ గీయాలి. 1989లో ఇలినాయ్‌లోని సూపర్ కంప్యూటింగ్ కేంద్రం ఎన్‌సీఎస్‌ఏలో శాస్త్రవేత్త విల్హెల్మ్‌సన్ బృందం ఉరుముల తుపానును అలాగే చూపింది: ఎగసే గాలికి నారింజ రిబ్బన్లు, దిగే గాలికి నీలం. తర్వాత వాతావరణ శాస్త్రవేత్త లీ ఆర్ఫ్ బృందం 2011 నాటి ఎల్ రెనో టోర్నడో తుపానును కంప్యూటర్లో 30 మీటర్ల గ్రిడ్ మీద మళ్ళీ పుట్టించింది. నేలకు దగ్గరగా, అడ్డంగా సుడి తిరుగుతూ వచ్చి పైకి లాగబడే గాలిపాయ ఆ చిత్రాల్లో ఎంత స్పష్టంగా కనిపిస్తుందో!

ఇక విలువలకు అద్దే ఇంద్రధనుస్సు రంగులు. వీటి మీద నా కోపం చల్లారదు. పసుపు దగ్గర లేని గట్టు పుడుతుంది, ఆకుపచ్చలో ఉన్న తేడా మాయమవుతుంది. ఎరుపు, ఆకుపచ్చ వేరుచేసి చూడలేనివాళ్ళ సంగతి సరేసరి. వెలుగు ఒకే తీరున పెరిగేలా రూపొందించిన విరిడిస్ రంగుల వరుస 2015లోనే వచ్చింది. అయినా ఆ పాత రంగులే ఇంకా అచ్చవుతున్నాయి!

అంతకన్నా ఘోరం తుపాను రోజుల్లో టీవీ తెర. ఎర్రగా గిర్రున తిరిగే చక్రం, ఎగిసిపడే అల. అది ఏ నమూనా లెక్కో, ఏ గంటదో, ఎరుపంటే ఎంత వేగమో చెప్పరు. అసలు లెక్క ఉందో లేదో కూడా తెలియదు. ఉప్పెన అంచనాల కోసం హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో శాస్త్రవేత్తలు కంప్యూటర్ నమూనాలు నడుపుతుంటే, ఆ నమూనాల బొమ్మను పక్కనపెట్టి గ్రాఫిక్స్ గదిలో వండిన సముద్రాన్ని చూపడం దివిసీమ ఉప్పెన ఎరిగిన తీరానికి ద్రోహం. సంపాదకులారా, వచ్చే తుపానుకైనా తెర మూలన మూడు వివరాలు వేయండి: నమూనా పేరు, సమయం, రంగుల కొలబద్ద.