చేతిపనుల సంత

పోయిన ఆదివారము సాయంకాలము మా యూరి పాఠశాల మైదానమున చేతిపనుల సంత జరిగినది. ఇరువది పందిళ్లకు మించని చిన్న సంత. గ్రంథములను చదివి గుణదోషము లెంచుట నాకలవాటు. ఆ దృష్టితోనే దీనిని చూచితిని.

గుణము ముందు చెప్పెదను. మొదటి పందిట ఏటికొప్పాక బొమ్మలుండెను. అంకుడు కఱ్ఱను తరిమెనపై త్రిప్పుచు, రంగు కలిపిన లక్కను దానికానించినచో రాపిడి వేడికి లక్క కరగి కఱ్ఱకు పట్టును. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన పని యిది. అలంకారము పైన నతికించినట్లుండక వస్తువుతో నొకటై యుండుట యుత్తమకావ్యలక్షణ మందురు; అది యిచ్చట పిల్లవాని బొంగరమునందే కానవచ్చినది.

దోషము రెండవ పందిట కనబడినది. శ్రీకాళహస్తి కలంకారీల నడుమ యంత్రముద్రితములైన బట్టలు అదే పేరుతో వ్రేలాడుచుండెను. కలంకారీకి బట్టను కరక్కాయయు పాలును కలిపిన నీట తడిపి యారవేయుదురు. ఇనుపముక్కలను బెల్లపునీట దినములతరబడి నానవేసి నలుపు తీయుదురు. వెదురుకలముతో గీత గీసి, రంగులద్ది, పలుమారు ఉతుకుదురు. చేతి యొత్తిడినిబట్టి గీత లావై, సన్నమై సాగును. ఏ రెండు నెమళ్లును ఒక్క తీరుగ నుండవు. యంత్రపు బట్టపై నెమళ్లన్నియు కవలలే! రెంటిని ఒకే దండెమున వేయనిచ్చిన నిర్వాహకులు కొనువానినే కాక గీసినవానిని గూడ వంచించిరి. దినముల కష్టమునకు క్షణములలో అచ్చయిన బట్ట వెల కొలబద్ద యైనది.

నేనును నిర్దోషిని గాను. కలముతో గీసిన చిన్న తెర యొకటి నచ్చి, వెల విని, ప్రక్కనున్న యంత్రపు బట్టను చూపి బేరమాడితిని. పనివాడు వాదింపలేదు. “గీసింది నేను, రంగులు నింపింది నా ఇల్లాలు, ఏట్లో ఉతికింది మా అమ్మ. ముగ్గురి కూలీ అందులోనే ఉందయ్యా” అనెను.

పెద్ద అంగడిలో వెలచీటి చూచి నోరు మెదపక చెల్లించువాడను. స్త్రీల కష్టమునకు విలువ కట్టవలెనని తరగతిలో బోధించువాడను. అట్టి నేను ఒక్క తెర బేరమున ఇద్దరు స్త్రీల కూలిని కోయబూనితిని. అడిగిన వెల యిచ్చి తెర తెచ్చుకొంటిని. సిగ్గు మాత్రము తీరలేదు.

కావున నిర్వాహకులకు నా మనవి: ప్రతి వస్త్రమునకును ఒక చీటి కట్టుడు. అది కలముతో గీసినదో, చెక్క అచ్చుతో నద్దినదో, యంత్రమున ముద్రించినదో యందు వ్రాయుడు. గ్రంథమునకు కర్త పేరు వేయుచున్నాము గదా! చేసిన మువ్వుర పేర్లును, ఉతికిన తల్లి పేరుతో సహా, ఆ చీటిపై నుండవలెను. కొనువారికి నా మనవి యింతకంటె చిన్నది: వెల యడుగుటకు ముందు, ఎట్లు చేసిరో, ఎవరు చేసిరో యడుగుడు.