బోరుబండి పనివాళ్లు

1874లో సికింద్రాబాద్ నుంచి వాడి స్టేషన్‌కు రైలు నడిచినప్పుడు ఇంజనుకు బొగ్గు ఎంత ముఖ్యమో నీళ్లూ అంతే ముఖ్యం. తొట్టి ఖాళీ అయితే ఆవిరి బండి కదలదు. పైగా ఏ నీళ్లు పడితే ఆ నీళ్లు పనికిరావు. ఉప్పునీళ్లయితే బాయిలర్‌లో పెచ్చు కట్టేస్తుంది. రైలు చరిత్రల్లో ఇంజనీర్ల పేర్లుంటాయి గానీ ఆ నీళ్ల కోసం బావులు తవ్వినవాళ్ల పేర్లు మాత్రం దొరకవు.

ఆ దారి లింగంపల్లి, శంకర్‌పల్లి మీదుగానే పోతుంది. పక్కనే పటాన్‌చెరు, సంగారెడ్డి. నీళ్ల కోసం ఇప్పుడిక్కడ రాయి తొలిచేది బోరుబండి. పైన మట్టి, మొరం. కింద గట్టి గ్రానైటు. నీళ్లు దొరికేది మొరంలో, రాతి పగుళ్లలో. రాయిని కొట్టే హామర్ దిగుతుంటే గాలికి ఎగిరొచ్చే పొడిని డ్రిల్లర్ అరచేతిలోకి తీసుకుని చూస్తాడు. రంగు మారినా, తడి తగిలినా, చప్పుడు తేడా వచ్చినా కనిపెట్టేస్తాడు.

నాకు ఎక్కువ గౌరవం కలిగించేది మాత్రం కేసింగ్ దించే పని. గట్టిరాయి తగిలేదాకా పైపు దించి, అక్కడ బిగుతుగా కూర్చోబెట్టాలి. వదులైతే పైనున్న మురుగంతా లోపలికే. పటాన్‌చెరులో ఇది చిన్న సంగతి కాదు. ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగునూ చుట్టుపక్కల బావులనూ పాడుచేస్తే, ఆ వ్యాజ్యం 1990లో సుప్రీంకోర్టుకెక్కింది. భూగర్భ జలమే చెడితే ఏ కేసింగూ కాపాడలేదనుకోండి, అది వేరే మాట.

బోరు వేయించేవాళ్లు ఎన్ని అడుగులని మాత్రమే అడుగుతారు. కేసింగ్ ఎక్కడ ఆగిందో కూడా అడగండి. నీళ్లు పరీక్ష చేయించాకే తాగండి.