అమరావతి రాయి పోయిన దారి

ఈ వారం మా అలియాబాద్‌లో ఎదురింటి పెద్దాయన అన్న ఒక మాట నాకు అస్సలు రుచించలేదు. ఆయన కొడుకూ కోడలూ డల్లాస్‌లో ఉంటారు. పిల్లల సెలవులకి మెక్సికో వెళ్లి, కాంకూన్‌లో కారు అద్దెకి తీసుకుని, యుకటాన్ ప్రాంతమంతా తామే నడుపుకుంటూ చుట్టి వచ్చారు. ఆ ఫోటోలు చూపించడానికి ఆయన సాయంత్రం మా ఇంటికి వచ్చారు. చిచెన్ ఇట్జాలో మెట్ల పిరమిడ్, గోడలన్నీ పసుప్పచ్చగా ఉన్న ఇజమాల్ ఊరు, మెరిదాలో పాత చర్చి, తులుంలో సముద్రం పైకి చూస్తూ నిలబడ్డ మాయా శిథిలాలు. అన్నీ అయ్యాక ఫోన్ జేబులో పెట్టుకుంటూ, "మన దిక్కు గిట్లాంటి ట్రిప్పు యాడుంటది సార్? అయితే గుడికి పోవుడు, లేకుంటే గోవాకు పోవుడు" అన్నారు.

ఉంది. మన చౌరస్తా నుంచే మొదలవుతుంది. ఆయనకి అప్పుడే చెప్పాను. మీకూ చెబుతాను.

ముందు యుకటాన్ సంగతి. అక్కడి ఫోటోల్లో శిథిలాలు, స్పెయిన్ వాళ్ల ఊళ్లు, సముద్రం వేరువేరుగా కనిపిస్తాయి. నిజానికి అదంతా ఒకే కథ. 1542లో స్పెయిన్ వాళ్లు మెరిదా నగరాన్ని స్థాపించింది తో అనే మాయా నగరం మీద. అక్కడి పిరమిడ్ల రాళ్లు ఊడదీసి చర్చి కట్టారు, ఇళ్లు కట్టారు. ఇజమాల్‌లో ఆ పసుపు రంగు మఠం లేచింది కూడా ఒక మాయా కట్టడం దిమ్మె మీదే. శిథిలం దానంతట అది శిథిలం కాలేదు. దాని రాయి పక్క ఊరి గోడలోకి పోయింది. ఆ సంగతి తెలిసి తిరిగితే ఆ ప్రయాణం మరోలా ఉంటుంది.

మనకీ అలా రాయి పోయిన దారి ఒకటుంది. అది అమరావతిలో మొదలై బందరు మీదుగా లండన్ దాకా సాగుతుంది.

ఈ కాలమ్ పాత పాఠకులకి నా పట్టుదలలు తెలుసు. సెలవంటే సొంత బండి, సొంత చేతులు. ప్యాకేజీ బస్సులో ఎవరో ఈల వేస్తే దిగి, మళ్లీ ఈల వేస్తే ఎక్కే విహారం నాకు నచ్చదు. బైపాస్ రోడ్ల మీద నా కోపం కూడా మీకు కొత్త కాదు. ఊరిని తప్పించుకుని పోయే రోడ్డు మీద పోతే ఊరు చూశామని ఎలా అంటాం? అందుకే ఈ ఆదివారం పటం ముందేసుకుని ఒక పెద్ద ప్రయాణం గీశాను.

అలియాబాద్ చౌరస్తా నుంచి తెల్లవారకముందే బయల్దేరాలి. ఆలస్యమైతే రాజీవ్ రహదారి మీద ఇసుక లారీల వెనకాల ఈడ్చుకుంటూ పోవాలి. శామీర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి, పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే విజయవాడ హైవే. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్లు దాటితే కృష్ణమ్మ ఒడ్డు. ఈ 65వ నంబరు జాతీయ రహదారి పుణె దగ్గర మొదలై మచిలీపట్నంలో, అంటే మన బందరులో ఆగుతుంది. 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల ఓడరేవు బందరే. గోల్కొండ నుంచి బందరుకి వజ్రాలూ బట్టలూ ఎడ్లబండ్ల మీద వెళ్లేవి. టవెర్నియే, తెవెనో లాంటి ఫ్రెంచి యాత్రికులు ఆ దారిలో తిరిగి రాసుకున్నారు. నేటి హైవే అచ్చంగా ఆ పాత బాట కాకపోవచ్చు, కొసలు మాత్రం అవే.

విజయవాడ దగ్గర హైవే వదిలి అమరావతిలో బౌద్ధ స్తూపం చూడబోతే ముందు నిరాశ కలుగుతుంది. పెద్ద కట్టడమేదో కనిపిస్తుందని వెళ్లినవాళ్లకి గుండ్రటి ఎత్తు దిమ్మె, చుట్టూ అక్కడక్కడ నిలబెట్టిన పలకలు కనిపిస్తాయి. స్థానికులు దీపాలదిన్నె అని పిలుచుకున్న ఈ చోటుని ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ 1797లో చూశాడు. అప్పటికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిని కొత్త రాజధానిగా కడుతున్నాడు. కట్టడాలకి రాయి కావాలి, దిన్నెలో రాయి ఉంది, తవ్వారు. బొమ్మలు చెక్కిన పాలరాతి వన్నె సున్నపురాయి పలకల్లో కొన్ని గోడల్లోకి పోయాయి, ఎన్నో సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. 1816లో మెకంజీ మళ్లీ వచ్చి, మిగిలినవాటి బొమ్మలు శ్రద్ధగా గీయించాడు. ఆ తర్వాత పోయిన ఎన్నో పలకలు మనకి ఆ గీతల్లోనే దొరుకుతాయి. 1845లో మద్రాసు ప్రెసిడెన్సీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరి, వాటిలో చాలా భాగం 1859లో లండన్ ఓడ ఎక్కాయి. నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఒక గది నిండా అమరావతే. మరికొంత చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. మనకి మిగిలింది దిమ్మె, పక్కన చిన్న మ్యూజియం.

మెరిదాలో చర్చి గోడ చూసి మాయావాళ్ల రాయిని గుర్తు చేసుకున్నట్టే, అమరావతి దిమ్మె దగ్గర ఆ పోయిన రాళ్లని తలచుకోవాలి. లేకపోతే అక్కడ చూడ్డానికి పచ్చగడ్డి తప్ప ఏమీ లేదనిపిస్తుంది.

విజయవాడ నుంచి బందరు వైపు పోతూ పామర్రు దగ్గర కుడికి మళ్లితే కూచిపూడి, అది దాటితే ఘంటసాల. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళ శాస్త్రవేత్త టోలమీ తన పుస్తకంలో రాసుకున్న కంటకొస్సుల ఇదేనని పండితులు చెబుతారు. నాగార్జునకొండ శాసనంలోనూ ఈ ఊరి పేరుంది. ఇక్కడి స్తూపం కట్టిన తీరు దగ్గరికి వెళ్లి చూడాలి. నడిమధ్య ఇటుకల చదరం, దాని చుట్టూ గోడలు, బయట వలయం. నడుమ ఖాళీల్లో మట్టి కూరారు. అంత పెద్ద గుమ్మటాన్ని ఇటుక పొదుపు చేసి నిలబెట్టిన పనితనం అది. కృష్ణా డెల్టాలో రాయి దొరకదు, మట్టి దొరుకుతుంది. ఉన్నదాంతో కట్టారు.

ఇక బందరు. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అది మా అమ్మ పుట్టిల్లు.

మా మావయ్య బందరులో అంబాసిడర్ టాక్సీ తోలేవాడు. సెలవులకి వెళ్తే పిల్లలందరినీ వెనక సీట్లో కుక్కి ఊరు చూపించేవాడు. అయితే స్టీరింగ్ ముందు కూర్చున్నంతసేపు ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు. "అదేంటి మావయ్యా, ఇదేంటి మావయ్యా" అని అడుగుతుంటే, "తోలేవాడికి రోడ్డే కనపడాలిరా. ఊరు చూడాలంటే దిగాలి" అనేవాడు. బందరుకోట దగ్గర చెట్టు నీడన బండి ఆపి, అద్దాలు ఎత్తి, తాళం వేసి, పంచె సర్దుకుని అప్పుడు మొదలుపెట్టేవాడు.

బందరులో డచ్చివాళ్ల సమాధులున్నాయి. నల్లగా నునుపెక్కిన పెద్ద పెద్ద రాతి పలకలు నేల మీద పరిచినట్టుంటాయి. మామూలుగా రాతి మీద అక్షరాలు లోపలికి చెక్కుతారు. ఇక్కడ చుట్టూ రాయిని తొలిచేసి అక్షరాలని పైకి నిలబెట్టారు. వేళ్లతో తడిమితే చదవొచ్చేమో అన్నంత ఎత్తు. వాటి పైన కిరీటాలు, కవచాలు, ఆకుల తీగలు. మావయ్యకి ఆ భాష రాదు. అయినా వేలు పెట్టి ఒక్కో అక్షరం చుట్టూ తిప్పి, "ఇది మనవాళ్ల చెక్కుడేరా" అనేవాడు. అవును, ఊరూ పేరూ డచ్చివి, ఉలి మనది.

డచ్చివాళ్లు 1605 ప్రాంతంలో, ఇంగ్లీషువాళ్లు 1611లో, ఫ్రెంచివాళ్లు 1669లో బందరులో దుకాణం పెట్టారు. వాళ్లు వచ్చింది బట్ట కోసం. తూర్పు దీవుల్లో మిరియాలూ లవంగాలూ కొనాలంటే అక్కడివాళ్లు వెండి కన్నా మన అద్దకం బట్టని ఇష్టపడేవారు. పర్షియాకి, సయాంకి ఇక్కడి గుడ్డే వెళ్లేది. ఆ పని నేటికీ పెడనలో నడుస్తోంది. కోరా గుడ్డని కరక్కాయ రసం, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండేస్తారు. తుప్పు ఇనుమూ బెల్లమూ కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లని టేకు అచ్చుతో గుడ్డ మీద కొడితే, కరక్కాయ పట్టుకున్న చోట ఆ నీళ్లు నల్ల రంగై నిలుస్తాయి. పటిక అద్దిన చోట ఎరుపు పడుతుంది. తర్వాత పారే కాలవలో ఉతకాలి. నిలవ నీళ్లలో ఉతికితే రంగు పక్కకి పాకుతుంది. కాలవ లేనిదే పెడన లేదు.

మన రాయి మళ్లీ బందరులోనే ఎదురవుతుంది. 1830 ప్రాంతంలో రాబర్ట్‌సన్ అనే ఇంగ్లీషు అధికారి అమరావతి నుంచి కొన్ని శిల్ప ఫలకాలు తెప్పించి, బందరు బజారు మధ్యలో అలంకారంగా పేర్పించాడు. రాబర్ట్‌సన్ దిబ్బ అనేవారు. అంటే శాతవాహనుల నాటి బొమ్మలు కొన్నేళ్ల పాటు బందరు బజారులో, కూరగాయలు కొనే జనం మధ్య నిలబడ్డాయి. తర్వాత అవీ మద్రాసు వెళ్లిపోయాయి. ఇజమాల్‌లోనూ మెరిదాలోనూ జరిగినదే మన దగ్గరా జరిగింది. ఇక్కడ రాయి ఆగకుండా సముద్రం దాటేసింది.

సముద్రం బందరుని ఊరికే వదల్లేదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో ముప్పై వేల మంది దాకా పోయారు. ఆ తర్వాత ఓడరేవుగా బందరు కోలుకోలేదు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన మావయ్య కళ్లారా చూశాడు. ఆ వారమంతా టాక్సీలో బియ్యం బస్తాలు వేసుకుని, రోడ్డు తెగిన చోట బండి వదిలి, నెత్తిన పెట్టుకుని నడిచాడు. ఆ సంగతి ఆయన మాకు మంగినపూడి నల్ల ఇసుక మీద నిలబడి చెప్పాడు. కారులో కూర్చుని ఏనాడూ చెప్పలేదు.

ఆదివారం నేను గీసిన గీత బందరు దగ్గర ఆగలేదు. 216వ నంబరు రహదారి పట్టుకుని నరసాపురం, రాజోలు, అమలాపురం మీదుగా ఎదుర్లంక వారధి దాటి యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్లు ఏలిన ఊరు. బ్రిటిషిండియాలో శారదా చట్టం వచ్చాక బాల్యవివాహాలు చేసేవాళ్లు పెళ్లిబృందాలతో అక్కడికి పోయేవారు. అక్కడి నుంచి కోరింగ మడ అడవులు, కాకినాడ, కత్తిపూడి. ఆపైన విశాఖ దాటి రోమన్ నాణేలు దొరికిన తొట్లకొండ బౌద్ధ విహారం, చివరికి డచ్చివాళ్ల సమాధులున్న భీమిలి. కాగితం మీద చూస్తే కడుపు నిండిపోయింది. యుకటాన్‌కి ఏ మాత్రం తీసిపోదు.

ఆ గీతలో బందరు తర్వాతి భాగాన్ని ఇప్పుడు కొట్టేస్తున్నాను. సొంత బండి గురించి ఇన్నేళ్లుగా ఇక్కడ రాస్తున్న మనిషిగానే చెబుతున్నాను, డెల్టాలో కారు మీద ఊళ్లు చూడలేం. కోతల కాలంలో రోడ్డు సగం దాకా ధాన్యం ఆరబోసి ఉంటుంది. చేపల లారీ నుంచి కారే నీళ్లకి తారు జారుతుంది. దీపాల్లేని ట్రాక్టర్, గట్టు మీంచి దిగే గేదె, ఇరుకు వంతెన. వీటి మీద నుంచి చూపు తిప్పితే ప్రమాదం, తిప్పకపోతే ఊరు కనపడదు. ఇంకో సంగతి. ఈ ఊళ్లన్నీ కాలవలకీ నదీ ముఖాలకీ ఎదురుగా కట్టినవి. కొత్త రోడ్డు వాటి పెరటి వైపు నుంచి పోతుంది. కారులో పోయేవాడికి ప్రతి ఊరి వీపే కనిపిస్తుంది.

కాబట్టి ఇంటి నుంచి నది దాకా కారు మంచిది. మన వేళకి బయల్దేరొచ్చు, ఘంటసాల లాంటి బస్సు తక్కువున్న చోటికి తిరగొచ్చు, ముసలి తల్లిదండ్రుల్ని కాళ్లు నొప్పి పెట్టకుండా తీసుకెళ్లొచ్చు. బందరు చేరాక బండి లాడ్జి ఆవరణలో వదిలేయండి. పెడనకి బస్సులో వెళ్లండి, బందరుకోటకి ఆటోలో వెళ్లండి. బజారులో నడవండి. యానాం, భీమిలి ఈసారికి వద్దు. వాటికి మరో సెలవులో కాకినాడ దాకా, విశాఖ దాకా రైల్లో వెళ్లండి. అమరావతి, ఘంటసాల, బందరు. ఈ మూడు చాలు. ఒక్క రాయి వెంట నడిచిన ప్రయాణం పది ఊళ్ల ఫోటోల కన్నా ఎక్కువ రోజులు గుర్తుంటుంది.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. నవంబరులో తుపాన్లు, డిసెంబరులో హైవే మీద పొగమంచు, సంక్రాంతికి పంతంగి టోల్ దగ్గర బారులు తీరే కార్లు. ఇవన్నీ సద్దుమణిగాక, జనవరి చివర్లో పెట్టుకోండి. చీకటి పడ్డాక డెల్టా రోడ్ల మీద బండి తీయకండి. స్టెప్నీలో గాలి ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి. పెడనలో బేరమాడే ముందు ఆ గుడ్డ ఎన్నిసార్లు కాలవలో ఉతికారో అడగండి. ముఖ్యంగా, అమరావతి మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది. గురువారం ఉదయానికే అక్కడ ఉండేలా బయల్దేరండి.