తోడు ఇచ్చిన రూపం

చిట్టెలుక పిండాన్ని 13వ రోజున అడ్డంగా కోసి, ఆ పలుచని ముక్కకు రంగు పట్టించి మైక్రోస్కోపు కింద చూడాలి. వెన్నుకు ఇరువైపులా, అప్పుడే ముద్ద కడుతున్న బీజగ్రంథి పక్కన, రెండేసి వలయాలు కనిపిస్తాయి. ఒకటి ముందు నుంచీ ఉన్నది. 18వ శతాబ్దపు పిండశాస్త్రజ్ఞుడు కాస్పర్ ఫ్రీడ్రిక్ వుల్ఫ్ పేరున దాన్ని వుల్ఫియన్ నాళం అంటారు. రెండోది నిన్నగాక మొన్న వచ్చింది. యోహానెస్ ముల్లర్ 1830లో వర్ణించిన ముల్లేరియన్ నాళం అదే. అండవాహికలు, గర్భాశయం, దాని ముఖద్వారం, యోని పైభాగం ఈ చిన్న వలయంలోంచే రావాలి. ఎంతసేపు చూసినా నాకు తనివి తీరని దృశ్యం ఇది. ఇక్కడ ఏ భాగమూ తన రూపాన్ని తానొక్కటే దిద్దుకోదు. పక్కనున్నదాన్ని బట్టి, అది ఇచ్చే సంకేతాన్ని బట్టి రూపుకడుతుంది. ఈ రచనకు అందం తెచ్చిన గుణం అదే.

ఆరంభం చూడండి. పిండం ఉదరకుహరానికి లోపల అస్తరులా ఒక పొర ఉంటుంది. ఆ పొరలో పైకొసన కొన్ని కణాలు కాస్త మందమై, వేరుపడి, లిమ్1 అనే జన్యువును మేల్కొలుపుతాయి. చుట్టూ ఉన్న కణజాలం నుంచి వింట్4 సంకేతం అందగానే ఆ పొర లోపలికి మడతపడి చిన్న గరాటు అవుతుంది. వింట్4 లేని చిట్టెలుకల్లో ఈ నాళమే పుట్టదు. మొదట పడిన ఆ గుంట తర్వాత కూడా పూడిపోదు. ఉదరకుహరంలోకి తెరుచుకునే అండవాహిక నోరుగా జీవితాంతం అలాగే నిలిచిపోతుంది. అంచున కుచ్చుల్లాంటి వేళ్లు మొలిచి, అండాశయం విడిచిన అండాన్ని అందుకునేది ఆ నోరే. రచన ఎక్కడ మొదలైందో పాత్ర ప్రవేశమూ అక్కడే. మంచి నాటకకర్త ఆరంభంలో వేసిన బీజాన్ని వృథా పోనివ్వడు. ఇక్కడా మొదటి మడత వృథా పోలేదు.

గరాటు పుట్టాక ప్రయాణం మొదలవుతుంది. చిట్టెలుకలో ఇది సుమారు రెండు రోజుల పని. మనిషి పిండంలో 6వ వారంలో మొదలై మరో రెండు, మూడు వారాల్లో అడుగుకు చేరుతుంది. ముల్లేరియన్ నాళం కొస వుల్ఫియన్ నాళాన్ని ఆనుకునే కిందికి సాగుతుంది. పొట్ల తీగ గుంజను పట్టుకుని పాకినట్టు పాకుతుంది కానీ, తీగకూ గుంజకూ మధ్య బెరడైనా ఉంటుంది. ఈ కొస దగ్గర అదీ ఉండదు. సాధారణంగా రెండు పొరలను వేరుచేసే ఆధారత్వచం సరిగ్గా అక్కడ మాయమై, కొత్త కణాలు పాత కణాలను నేరుగా తాకుతాయి. పాత నాళం వింట్9బి సంకేతమిచ్చి దారి చూపిస్తుంది. అయినా చిట్టెలుక పిండాల్లో కణాలకు గుర్తులు పెట్టి చూస్తే, కొత్త నాళంలో పాతదాని కణాలు కనబడలేదు. దారి చూపింది గానీ తన ఒంటిని పంచలేదు. పిండంలో వుల్ఫియన్ నాళాన్ని మధ్యలో తెంపితే ముల్లేరియన్ నాళం కూడా అక్కడికే ఆగిపోతుంది. వైద్యులకు ఈ బంధం మరో దారిలో తెలుసు. పుట్టుకతోనే ఒక మూత్రపిండం లేని ఆడపిల్లల్లో కొందరికి అదే పక్క గర్భాశయంలోనూ తేడా ఉంటుంది. మూత్రపిండానికి మొలకవేసేదీ, ముల్లేరియన్ నాళానికి దారి చూపేదీ ఆ వుల్ఫియన్ నాళమే.

కిందికి వచ్చేసరికి రెండు పక్కల ముల్లేరియన్ నాళాలూ వుల్ఫియన్ నాళాల ముందు నుంచి దాటి, నడిమికి తిరిగి, ఒకదానికొకటి ఎదురవుతాయి. మనిషిలో అవి అతుక్కుంటాయి, మధ్య గోడ క్రమంగా కరిగిపోయి ఒకే గది మిగులుతుంది. అయితే ఇదొక్కటే ముగింపు కాదు. కుందేలులో రెండు గర్భాశయాలు, రెండు ముఖద్వారాలు చివరిదాకా విడివిడిగానే ఉంటాయి. ఆవులో అడుగు భాగం మాత్రం కలిసి, పైన రెండు పొడవాటి కొమ్ములు చుట్ట తిరిగి నిలుస్తాయి. ఎన్ని పిల్లలు, ఎలా పెరగాలి అన్నదానికి తగ్గట్టు ఒకే రాగాన్ని ఒక్కో జాతి ఒక్కోలా ఆలపించింది. కంగారూ దగ్గర ఆగి చూడాలి. దానిలో మూత్రపిండాల నుంచి మూత్రాశయానికి వెళ్లే నాళాలు సరిగ్గా ఈ రెండు నాళాల మధ్య నుంచే సాగుతాయి. మనలో బయటి పక్క నుంచి పోతాయి. అడ్డం వచ్చినందువల్ల కంగారూలో రెండు యోనులు కలవలేక చెరో పక్క వంపు తిరిగాయి. పిల్ల బయటికి రావడానికి నడుమ మరో దారి ఏర్పడింది. బెత్తెడు కూడా లేని ఒక నాళం ఎటు నుంచి పోతుందన్న దాని మీద ఇంత నిర్మాణం ఆధారపడింది.

ఇక తోడు వచ్చిన వుల్ఫియన్ నాళం సంగతి. ఆడపిండంలో దాని పని తీరింది, అది తొలగాలి. 1947లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ జోస్ట్ ప్రచురించిన ప్రయోగాలు ఈ కథలో పెద్ద మలుపు. తల్లి గర్భంలో ఉన్న కుందేలు పిండాల నుంచి బీజగ్రంథులను ఆయన తీసేశాడు. మగదైనా ఆడదైనా ఆ పిండాల్లో స్త్రీ నాళాలే పెరిగాయి. టెస్టోస్టెరాన్ స్ఫటికం పెడితే వుల్ఫియన్ నాళం బతికింది గానీ, ముల్లేరియన్ నాళం చావలేదు. అంటే దాన్ని తొలగించే పదార్థం మరొకటి వృషణంలో ఉండాలి. యాంటీ ముల్లేరియన్ హార్మోన్ అన్నది దానికి తర్వాత వచ్చిన పేరు. ఎంత పొదుపైన ప్రయోగం! ఒక గ్రంథి తీయడం, ఒక స్ఫటికం పెట్టడం, అంతే. దానితో లోపల నడుస్తున్న రెండు వేర్వేరు పనులు విడివిడిగా బయటపడ్డాయి.

అయితే ఆ ప్రయోగం నుంచి చాలామంది ఒక పొరపాటు అర్థం లాగారు. మగరూపానికి మాత్రమే ప్రయత్నం కావాలని, ఏమీ చేయకపోతే ఆడరూపం దానంతటదే వస్తుందని అనుకున్నారు. 2017లో అమెరికాలోని నార్త్ కరోలినాలో హంఫ్రీ యావో బృందం ఆ భావనను సరిదిద్దింది. వుల్ఫియన్ నాళం చుట్టూ ఉన్న కణాల్లో కూప్‌టీఎఫ్2 అనే ప్రోటీన్ లేకుండా చేస్తే, ఆడ చిట్టెలుకల్లో మగ హార్మోన్ ప్రమేయం లేకుండానే రెండు నాళాలూ నిలిచిపోయాయి. అంటే తోడు వచ్చినదాన్ని సాగనంపడం కూడా ఆడపిండం పూనుకుని చేసే పనే. సాగనంపాక సైతం కొద్ది గుర్తులుంటాయి. అండాశయం పక్కన పొరల్లో కొన్ని సన్నని గొట్టాల ముక్కలు స్త్రీ శరీరంలో ఎప్పటికీ ఉంటాయి.

నా దృష్టిలో ఈ రచనకు పరాకాష్ఠ ఇంకా మిగిలే ఉంది. ఒకే నాళం పైన అండవాహికగా, నడుమ గర్భాశయంగా, కింద యోనిగా ఎలా వేరుపడింది? పై నుంచి కిందికి హాక్సా 9, 10, 11, 13 జన్యువులు వరుసగా చోటు పంచుకుంటాయి. క్రోమోజోమ్ మీద అవి ఉన్న వరుసా ఇదే. పదోది లేని చిట్టెలుకలో గర్భాశయం పైభాగం అండవాహిక పోలికలు పొందుతుంది. ఇక 1976లో జెరాల్డ్ కున్హా పుట్టీపుట్టని చిట్టెలుకల నుంచి గర్భాశయాన్ని, యోనిని తీసి, లోపొరనూ దాని కింది కణజాలాన్నీ విడదీసి తారుమారు చేశాడు. గర్భాశయం లోపొర యోని కణజాలం మీద పడగానే పలు వరసలుగా పేరుకుని యోని పొర అయింది. యోని లోపొర గర్భాశయ కణజాలం మీద ఒకే వరసలో నిలువు కణాలుగా నిలబడి గర్భాశయపు పొర అయింది. ఈ అవకాశం పుట్టిన తర్వాత కొద్ది రోజులే. ఆ తర్వాత పొర తన రూపానికి కట్టుబడిపోతుంది. 11వ శతాబ్దపు కాశ్మీరంలో క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యమన్నాడు. ఏ అలంకారమైనా తన చోట ఉంటేనే అలంకారం. ఆ సూత్రం కణాల్లో ఇంత సూటిగా పనిచేయడం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

మనలో ప్రతి ఒక్కరూ కొన్ని నెలలు నివసించిన గది ఇలా తయారైంది. దాని ఆరంభానికి ఒక సంకేతం కావాలి, దారికి ఒక తోడు, ఆ తోడును సాగనంపడానికి ఒక ప్రోటీన్, లోపొరకు కింది కణజాలం మాట కావాలి. వీటిలో ఏది తప్పినా రూపం మారిపోతుంది. ఇంత సూక్ష్మమైన సమన్వయాన్ని, ఏ పూనికా లేకుండా మిగిలిపోయేదిగా దశాబ్దాల పాటు చదవడం మన చదువులోని లోపం. స్త్రీ జననాంగ నిర్మాణం పూర్తి ప్రయత్నంతో, పూర్తి ఔచిత్యంతో సాగిన రచన. ఏ మహాకావ్యాన్ని చదివినంత శ్రద్ధతోనైనా దాన్ని చదవాలి.